పోటు మీద కట్టిన తాడు

రేపు పొద్దున్న పది గంటలకి ముత్యాలు తను చెయ్యని హత్యని మేజిస్ట్రేటు గారి ముందు ఒప్పుకోబోతున్నాడు. ఈ సంగతి మరొకరు చెబితే జ్ఞానప్రకాశం నమ్మేవాడు కాదు. కాని చెప్పింది ముత్యాలే. లాకప్ కటకటాలు పట్టుకుని, ఇంటికి భోజనానికి పిలిచినంత నెమ్మదిగా చెప్పాడు.

"నేనే సంపేనండి. మీరింక ఈ తిరుగుడు మానేయండి. ఎండలు ముదిరిపోయేయి, మీకెందుకండి శ్రమ."

జ్ఞానప్రకాశానికి ఒళ్ళు మండింది. పోలీసు ఉద్యోగం వదిలేసి అమలాపురంలో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాక ఆయనకి వచ్చిన కేసుల్లో సగం పెళ్ళికొడుకుల గుట్టు లాగమన్నవి, తక్కిన సగం తప్పిపోయిన గేదెలవి. ఏ గేదే ఇంతవరకూ తప్పు నాదేనని ఒప్పేసుకుని ఆయన పని చెడగొట్టలేదు. హత్య కేసు ఇదే మొదలు, ముత్యాలు భార్య లోవమ్మ బతిమాలితే తీసుకున్నాడు. ఇందులో ముద్దాయే ఎదురు తిరిగి కూర్చున్నాడు.

"ఎలా చంపేవు?" అని అడిగాడు.

"సీఐ గారు ఎలా సెప్తే అలాగండి."

"కత్తితోనా, కర్రతోనా?"

ముత్యాలు కాసేపు ఆలోచించాడు. "ఏది రాసేరో మరి. రైటరు గారినడిగి సెప్పమంటారా?"

నవ్వొచ్చే మాటే. కాని అతని పెదవి చిట్లి ఉంది, ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. జ్ఞానప్రకాశం నవ్వలేదు.

కేసు పైకి చాలా సులువుగా కనిపిస్తుంది. కిందటి సోమవారం మధ్యాహ్నం దానం అనేవాడు తన తెరచాప పడవలో సరుగుడుపాలెం రేవు నుంచి బయల్దేరి వశిష్ఠ గోదారిలో కిందికి, అంతర్వేది వైపు వెళ్ళాడు. పడవలో ఇంకో మనిషి కూడా ఉన్నాడని దిగువన అవతలి ఒడ్డు వాళ్ళు చూశారు గాని, దూరం వల్ల ఎవరో పోల్చుకోలేదు. మంగళవారం తెల్లారేసరికి పడవ రేవులోనే ఉంది. పక్కకి ఒరిగి, నీళ్ళు నిండి ఉంది. దానం లేడు. శుక్రవారం నడి ఏట్లో శవం తేలింది. నడుముకి ఆ పడవ లంగరే కట్టి ఉంది. మొహం చేపల పాలైపోయింది గాని ఒంటిమీద దానం చొక్కా, వేలికి దానం ఉంగరం ఉన్నాయి. శనివారం సమాధి చేశారు. శనివారమే ముత్యాల్ని పట్టుకొచ్చారు.

ముత్యాల్నే ఎందుకంటే, అంతకు ముందు ఆదివారం జరిగిన గొడవ అలాంటిది. దానం ఎనిమిదేళ్ళు వెస్టిండీస్ దీవుల్లో ఉండి వచ్చినవాడు. క్రికెట్ పుణ్యమా అని ఆ పేరు మన వాళ్ళకి తెలుసు గాని అక్కడ పడవల పందేలు కూడా ఒక వ్యాపారమని దానం చెప్పేదాకా ఎవరికీ తెలీదు. ఆ దీవుల్లో ఒకదాని పేరు తగిలించి ఊళ్ళో అతన్ని అంటిగ్వా దానం అనేవారు. అక్కడి పద్ధతిలో ఒక పడవ చేయించి, దానికి పెళ్ళాం పేరు పెట్టి, ఆ ఆదివారం రేవు నుంచి అంతర్వేది దాకా పందెం పెట్టించాడు. అక్కడ దీన్ని రెగాటా అంటారని చెప్పాడు. ముత్యాలు తన అతుకుల తెరచాపతో, ఇసుక మోసే పాత నావతో వచ్చి ఆ రంగుల పడవని దాటిపోయాడు. గాలి ఎటు మళ్ళుతుందో, నీళ్ళు ఎక్కడ లాగుతాయో వాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు. దానానికి తల కొట్టేసినట్టయింది. నా దారికి అడ్డమొచ్చేవు, అక్కడైతే నిన్ను పందెంలోంచి తీసిపారేసేవారు అని నలుగురిలో చెంప మీద కొట్టాడు. ముత్యాలు నిన్ను గోదాట్లో కలిపేస్తానన్నాడు. ఆ మాట రేవు రేవంతా విన్నది.

"పడవలో రెండో మనిషివి నువ్వేనా?"

"ఆయ్."

"పడవ వెనక్కి తెచ్చిందీ నువ్వేనా?"

"నేనేనండి."

"రేవులో కట్టిందీ?"

"ఆయ్, అదీ నేనేనండి."

"ఎలా కట్టేవు?"

మొదటిసారి ముత్యాలు మొహంలో ఆశ్చర్యం కనిపించింది. "ఎలా కడతారండి? పాటుకి నీళ్ళు తగ్గితే పడవ దిగేటంత తాడు వదిలి కట్టేను. అందరూ కట్టినట్టే."

జ్ఞానప్రకాశం ఆ జవాబుని జేబులో వేసుకున్నాడు. ఎందుకు పనికొస్తుందో అప్పటికి ఆయనకీ తెలీదు.

"ముత్యాలూ, నువ్వు చంపలేదు. ఎందుకొప్పుకుంటున్నావో అదొక్కటి చెప్పు."

ముత్యాలు గొంతు తగ్గించాడు. "సీఐ గారు సెప్పేరండి. ఒప్పుకోపోతే లోవమ్మని తెచ్చి ఈ పక్క గదిలో కూకోబెడతానన్నారు. దాని గొంతు నాకు ఇనపడేటట్టు. నేను దెబ్బలు తింటానండి. అది మాత్రం ఇనలేను."

బయట స్టేషను మెట్ల మీద లోవమ్మ కూర్చుని ఉంది. భర్తని తెచ్చిన నాటి నుంచీ అక్కడే ఉంది. లోపలికి రానివ్వలేదు, వెళ్ళిపొమ్మన్నా వెళ్ళలేదు. జ్ఞానప్రకాశం చెప్పులేసుకుంటుంటే ఆయన మొహం చూసింది, అంతే, అడగకుండానే అర్థమైపోయింది.

"ఒప్పుకుంటానన్నాడాండి?"

"అన్నాడమ్మా."

"నన్ను తెచ్చి పెట్టుకోమనండి. కొట్టుకోమనండి. ఆడొప్పుకుంటే మళ్ళీ ఇంటికి రాడు. నాకు తెలుసండి, మా పేటలో ఇలాగే ఒకడు ఒప్పుకుని ఎల్లేడు, శవంగా కూడా తిరిగి రాలేదు." ఆమె లేచి నిలబడింది. "మీరైనా ఏదోటి చెయ్యండి బాబూ. మా కోసం రాజమండ్రి కోర్టుకి ఎల్లి వాదించేవోళ్ళెవరండి."

ఏం చెయ్యాలో జ్ఞానప్రకాశానికి తోచలేదు. కుడితిలో పడ్డ ఎలకలా ఉంది ఆయన పని. అయినా ఆమె మొహంలోకి చూసి తెలీదని చెప్పలేకపోయాడు. "నువ్వు రేవు దగ్గరికి పదమ్మా, నేను వస్తాను," అన్నాడు. రేపు పది గంటల తర్వాత నిజం బయటపడినా అది పాడె మీద పూలదండ లాంటిదేనని ఆయనకి తెలుసు.

*

దానం ఇల్లు ఏటిగట్టు మీద, రేవుకి కూతవేటు దూరంలో ఉంది. దానం భార్య సువర్ణ అక్కడి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. తెల్లచీర కట్టుకుని వసారాలో బల్ల మీద కూర్చుని ఉంది. గదిలో మడిచి పెట్టిన తెరచాపల గుట్ట, గోడ మీద ఒక ఫోటో. ఫోటోలో పడవ ఒక పక్కకి బాగా ఒరిగి ఉంది, రెండో అంచు మీద పది పన్నెండు మంది కాళ్ళు బయటికి వేలాడేసి వరసగా కూర్చున్నారు. వాళ్ళలో మూడోవాడు దానం.

"మీరు ముత్యాలు తరఫున వచ్చేరు కదండీ," అంది సువర్ణ.

"ఆయ్, అవునమ్మా. నిజం తరఫున అని చెప్పుకోవచ్చు గాని సినిమా మాటలా ఉంటుంది."

ఆమె కోప్పడలేదు. కోపానిక్కూడా ఓపిక ఉండాలి. "అడగండి అన్నయ్య గారూ. నిజం ఏదైనా ఆయన తిరిగి రారు కదా."

"అక్కడ ఆయన పనేమిటమ్మా?"

"మొదట గల్ఫులో వంటపనికెళ్ళేరండి. అక్కడొక దొరగారి పడవలో వంటకి కుదిరి, ఆ పడవతోనే ఆ దీవులు చేరేరు. చలికాలం నుంచి ఎండాకాలం దాకా అక్కడ పందేలే పందేలంట. దొరలు ఎక్కడెక్కడి నుంచో పడవలు తెచ్చుకుంటారు. పడవ అడుగు గీకడం, వార్నీషు వెయ్యడం, చిరిగిన తెరచాప తెల్లారేలోగా కుట్టడం ఈయన పని. పందెం రోజున అదిగో, అలా అంచు మీద కూర్చోవాలి. పడవ ఒరిగిపోకుండా మనుషులే బరువు." ఫోటో వైపు చూసింది. "'చదువు లేకపోతేనేం, నా బరువుకి అక్కడ మర్యాద ఉంది' అనేవారు. తుపాన్ల నెలల్లో దొరలు వెళ్ళిపోతే ఖాళీ పడవల్లో కాపలా పడుకునేవారంట. మంచం మీద పడుకున్నట్టే ఉండేదంట. ఆ సముద్రం మన ఏరులా రోజుకి రెండుసార్లు పొంగి తగ్గదంటండి. కట్టిన పడవ కట్టినట్టే ఉంటుందంట."

"అంత బాగుంటే ఎందుకొచ్చేసేరు?"

సువర్ణ కొంగు వేలికి చుట్టుకుంది. "ఒక పందెంలో దొరగారి కొడుకు నీళ్ళలో పడి పోయేడండి. ఆ క్షణంలో తాడు వదలాల్సింది ఈయనంట, వదల్లేదన్నారు. పాస్‌పోర్టు మీద ఇంక ఈ దేశం రావద్దని ముద్ర కొట్టి పంపించేసేరు. వచ్చి రెండేళ్ళయింది. మనిషి ఇక్కడున్నారు గాని ప్రాణం అక్కడే. అక్కడ బతకనివ్వరు, ఇక్కడ బతకలేను అని తలుపేసుకుని ఏడ్చేవారు. నేను బయట నిలబడి వినేదాన్ని."

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పోయినవాణ్ణి గురించి లోకమంతా మంచే చెబుతుంది. సువర్ణ మాత్రం ఉన్నదున్నట్టు చెబుతోంది. జ్ఞానప్రకాశానికి ఆమె మీద గౌరవం కలిగింది, జాలీ కలిగింది.

"శవాన్ని చూసేరా అమ్మా?"

"మొహం చూడనివ్వలేదండి, చూసి తట్టుకోలేవన్నారు. దుప్పటి కప్పేసి చెయ్యి మాత్రం చూపించేరు. ఉంగరం ఆయనదే. చొక్కా నేను ఉతికిందే."

"ఉంగరం ఎప్పుడూ వేలికే ఉంటుందా?"

"ఇంట్లో ఉంటే ఉంటుందండి. పడవెక్కేటప్పుడు తీసి నా చేతికిచ్చేవారు. అక్కడ ఒకడి ఉంగరం తాడుకి చిక్కుకుని వేలు వేలంతా ఊడొచ్చిందంట. అప్పట్నించి తెరచాప తాడు పట్టేవాడు ఉంగరం పెట్టకూడదని చాదస్తంగా చెప్పేవారు."

"సోమవారం కూడా మీకిచ్చేరా?"

ఆమె ఆగింది. "లేదండి. నేను స్కూలుకి వెళ్ళిపోయేను. మర్చిపోయి పెట్టుకునే వెళ్ళేరనుకున్నాను."

ఎనిమిదేళ్ళ అలవాటు ఒక్క సోమవారం మర్చిపోవడం జ్ఞానప్రకాశానికి నచ్చలేదు. అయినా దాన్ని పట్టుకుని ఎటు లాగాలో తోచలేదు. లేచి నిలబడి, "ఒక్కరే ఉన్నారు, తోడెవరూ లేరా?" అన్నాడు, పోతూ పోతూ అందరూ అడిగే మాటలా.

"తమ్ముడున్నాడండి, ఏలీయా. ఆ దీవుల్లోనే పందెం పడవల మీద ఉద్యోగం వచ్చింది. ఈయనే వేరే దొరకి చెప్పించి, మన ఏట్లో వాడికి పని నేర్పి పంపేరు. ఆ సోమవారం పొద్దున్నే బొంబాయి బయల్దేరేడు, వాళ్ళ బావే పెట్టె మోసుకుని బస్సు దాకా వెళ్ళేరు. ఎల్లుండి విమానం. బావ పోయిన సంగతి వాడికింకా తెలీదండి. తెలిస్తే తిరిగొచ్చేస్తాడని నేనే ఎవర్నీ చెప్పనివ్వలేదు." కళ్ళు తుడుచుకుంది. "మా ఇంట్లో ఒక్కడైనా బాగుపడనివ్వండి."

*

రేవు దగ్గర ముందే జీపు ఆగి ఉంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సుబ్బరాజు కొబ్బరిబొండం తాగుతున్నాడు. ఆయనా జ్ఞానప్రకాశమూ ఒకే ఏడు ట్రైనింగయ్యారు. ఒకరు యూనిఫారం విప్పేశారు, రెండోవారు పడుకునేటప్పుడు కూడా విప్పరని కానిస్టేబుళ్ళు చెప్పుకుంటారు.

"గేదె దొరికిందా ప్రకాశం?"

"లేదు రాజుగారూ. మీరు గాని లాకప్పులో కట్టేసేరేమోనని చూసొస్తున్నాను."

సుబ్బరాజు బొండం పక్కన పడేశాడు. "చూడు, నీకు పని లేదు, నాకుంది. రేపు వాడు మేజిస్ట్రేటు ముందు చెప్తాడు. ఎల్లుండి నుంచి నువ్వెవరో నేనెవరో."

"వాణ్ణి ఏ మాట చెప్పి ఒప్పించేరో నాకు తెలుసు."

"తెలిస్తే తెలిసింది. సాక్ష్యముందా?" సుబ్బరాజు ఒక్కో వేలూ మడిచాడు. "నా లెక్క విను. పడవ ఇద్దరితో వెళ్ళింది. నడి ఏట్లో ఒకణ్ణి తల మీద కొట్టి, లంగరు కట్టి తోసేసేరు. పడవ ఒక్కడితో తిరిగొచ్చింది. దాన్ని తెచ్చి ఇక్కడ కట్టినవాడెవడో వాడే హంతకుడు. చదువుకున్నవాడివి, ఇందులో నీకు బోధపడనిదేమిటి?"

"శవం మీద ఇంకేమైనా గుర్తులున్నాయా?"

"పంచనామా అంతా నీకు అప్పజెప్పాలా? చొక్కా, ఉంగరం, తల వెనక దెబ్బ. మొహం లేదు. కుడికాలి చిటికెన వేలు చేపలు తినేశాయి."

"తక్కిన తొమ్మిదీ?"

"బాగానే ఉన్నాయి. చేపలకి ఏ వేలు రుచో కూడా నన్నే అడుగుతావా?"

జ్ఞానప్రకాశం మెట్లు దిగాడు. పదకొండు కావస్తోంది. పాటుకి నీళ్ళు బాగా తగ్గి కింది మెట్లు పాచితో బయటపడ్డాయి. ఎవరూ ముట్టుకోకూడదని సీఐ గారి ఆర్డరు కావడంతో దానం పడవ దొరికినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఒక పక్క మెట్టు మీద పడి పలక విరిగింది, లోపల బురదనీళ్ళు. తెల్లరంగు మీద సువర్ణ అనే అక్షరాలు సగం బురదలో ఉన్నాయి.

పైన గుంజలకి తాళ్ళు ఇంకా కట్టే ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటీ పట్టుకుని చూశాడు. ముందు ఒకటి, వెనక ఒకటి, మధ్యలో ఎదురూబొదురూ వేసినవి రెండు. నాలుగు తాళ్ళూ ఎంతో ఒద్దికగా కట్టినవే. రెండు తెగి వేలాడుతున్నాయి, మూడోది ఇత్తడి కొక్కేన్నే పెకలించుకుని వచ్చింది. నాలుగోది మాత్రం ఇంకా పడవ ముక్కుని పట్టుకుని, కోడిని మెడ పట్టి ఎత్తినట్టు పైకి లాగి ఉంచింది. తెగిన తాడు కొస అందుకుని పడవ అంచు దాకా సాగదీశాడు. అందలేదు. ఒక మనిషి మొల లోతు తక్కువైంది.

అప్పుడాయన పక్కకి చూశాడు. అదే రేవులో వరసగా ఎన్నో నావలున్నాయి. ప్రతి దానికీ ఒకే తాడు, అదీ ఉయ్యాలలా వదులుగా. నీళ్ళతో పాటే దిగి, బురద మీద సుఖంగా కూర్చుని ఉన్నాయి. చిన్నప్పుడు గోదారి ఒడ్డున ఆడుకున్న పిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. నీళ్ళు నిండిన పోటు మీద కట్టేవాడు, అవి తగ్గే పాటుని తల్చుకుని కట్టాలి.

ముత్యాలు పొద్దున్న చెప్పిన మాట ఆయన చెవిలో మళ్ళీ పడింది.

"లోవమ్మా," అని పిలిచాడు. గట్టు మీద కూర్చున్న ఆమె పరుగున దిగివచ్చింది. "ఈ పడవ రోజూ ఇలాగే కట్టేవాడా దానం?"

"ఆయ్, ఇలాగేనండి. బిర్రుగా, బిగదీసి. అక్కడ అలాగే కడతారంట, ఎవరేం సెప్పినా ఇనేవోడు కాదు. అయితే మావోడు రోజూ పొద్దుగూకేక వచ్చి, ఆయన సూడకుండా తాళ్ళు వదులు సేసి ఎల్లేవోడు. తెల్లారగట్లొచ్చి మళ్ళీ బిగించేసేవోడు. ఆయన మనసెందుకు కష్టపెట్టాలని. ఆ సెంపదెబ్బ తిన్నాకే మానేసేడండి. ఆడి పడవ ఆడే సూసుకుంటాడు, నాకెందుకని."

జ్ఞానప్రకాశం మెట్లెక్కి వచ్చాడు.

"రాజుగారూ, మీ లెక్క బాగుంది. ఆ చివరి మాట ఇంకోసారి చెప్పండి."

"తెచ్చి కట్టినవాడే హంతకుడు."

"నేనూ అదే అంటున్నాను. మనిద్దరికీ ఒక్క మాట కుదరడం ఇదే మొదలు. ఇప్పుడు చెప్పండి, ఆ తాళ్ళు ఈ ఒడ్డున పుట్టి పెరిగిన పడవవాడు కట్టినవేనా?"

సుబ్బరాజు కిందికి చూశాడు. ఆయనా గోదారి తాలూకు మనిషే, చూడగానే కనుబొమలు ముడిపడ్డాయి. అయినా ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "హత్య చేసి వచ్చినవాడు కంగారులో కట్టేడు."

"కంగారులో ఉన్నవాడు ఒక ముడేసి పారిపోతాడు. నాలుగు తాళ్ళు కొలిచినట్టు కడతాడా?"

"దానం కట్టినట్టు కట్టి మన కళ్ళకి గంతలు కట్టాలనుకున్నాడేమో."

"అంత తెలివుంటే మీ ముందు ఒప్పుకునేటప్పుడు తాడు వదిలి కట్టేనని ఎందుకంటాడు? అన్నాడా లేదా?"

"అన్నాడు," అన్నాడు సుబ్బరాజు, పంటి నొప్పి వచ్చినట్టు మొహం పెట్టి.

"లేని నేరం ఒప్పుకుంటున్నవాడికి కూడా ఇంకోలా కట్టొచ్చని ఊహకి రాలేదు రాజుగారూ. ఇలా కట్టేవాడు ఈ రేవు మొత్తానికి ఒక్కడే. పోటూ పాటూ లేని చోట పడవపని నేర్చుకున్నవాడు. తన తాళ్ళు ఇన్నాళ్ళూ ఎవడు సర్దేడో కూడా తెలియనివాడు."

"దానం చచ్చిపోయేడయ్యా."

"చచ్చినవాడు కట్టలేడు. కట్టినవాడు చావలేదు. పడవెక్కితే ఉంగరం పెట్టుకోని మనిషి, శవమై ఉంగరంతో తేలేడు. శవం వేలికి ఎవరైనా తొడిగితే తప్ప ఉంగరం అక్కడికి ఎలా వస్తుంది?"

జీపు పక్కనున్న కానిస్టేబులు ఇటే చూస్తున్నాడు. సుబ్బరాజు గొంతు తగ్గించాడు. కోపం కాదు, భయం మొదలైంది. "సరే. అయితే నేను పూడ్పించింది ఎవర్ని? ఊళ్ళో ఎవడూ తప్పిపోలేదు. ఒక్క కంప్లయింటు లేదు."

"అదే నాకూ అర్థం కావడం లేదు. ఎవరూ వెతకని మనిషి అయ్యుండాలి. కనపడకపోయినా, ఎక్కడో క్షేమంగా ఉన్నాడని అందరూ అనుకునే..."

జ్ఞానప్రకాశం ఆగిపోయాడు. తల తిప్పి ఏటిగట్టు మీది ఇంటి వైపు చూశాడు. వసారాలో తెల్లచీర కనిపిస్తోంది.

అక్కడికి పోలేని పాస్‌పోర్టు ఒకటి. పోగలిగిన పాస్‌పోర్టు ఇంకొకటి. ఈడులో కొద్ది తేడా, ఒడ్డూ పొడుగూ ఒకటే, ఫోటో మార్చుకుంటే చాలు. పెట్టె మోసుకుని బస్సు దాకా వెళ్ళిన బావ, ఎండలో బస్సెందుకురా, నరసాపురం రైలుకి పడవలో దింపుతానని ఉంటాడు. ఊరి రేవులో ఎక్కించుకుంటే అందరూ చూస్తారు, కింద ఏ సరుగుడు తోట దగ్గరో మధ్యాహ్నం దాకా ఆగమని ఉంటాడు. పని నేర్పిన గురువు, అక్క మొగుడు. ఎక్కకేం చేస్తాడు. దానం వాడికి తన చొక్కా, ఉంగరం తొడిగి ముంచేసి, ఆ రాత్రి పోటు మీద పడవ తిరిగి తెచ్చి, అలవాటు ప్రకారం నాలుగు తాళ్ళూ కట్టి, ఆ కుర్రాడి టిక్కెట్టుతో వెళ్ళిపోయాడు. పడవని ఏట్లో వదిలేస్తే సరిపోయేది. వదల్లేకపోయాడు. మనిషిని పారేయగలిగాడు గాని పడవని పారేయలేకపోయాడు.

"ఏమిటలా చూస్తున్నావు?" అన్నాడు సుబ్బరాజు.

"నాతో రండి. ఆవిణ్ణి ఒక్క ప్రశ్న అడగాలి. నావల్ల కాదు, మీరే అడగాలి." నడుస్తూనే ఆ ప్రశ్నేమిటో చెప్పాడు. సుబ్బరాజు దారిలో ఒక్కసారి ఆగి, మళ్ళీ నడిచాడు. వెనకాల లోవమ్మ వస్తోంది, ఎవరూ వద్దనలేదు.

సువర్ణ ఇద్దర్నీ చూసి లేచి నిలబడింది. సుబ్బరాజు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. స్టేషన్లో గోడలదిరేలా అరిచే మనిషి అక్కడ మెల్లగా అడిగాడు.

"అమ్మా, ఒక చిన్న సంగతి. మీ తమ్ముడు ఏలీయా, కుడికాలు..."

"ఆయ్, చిటికెన వేలు లేదండి," అంది సువర్ణ. "చిన్నప్పుడు కొబ్బరి ఒలిచే గునపం మీద పడ్డాడు. చెప్పులేసుకుంటే జారిపోతుందని ఇప్పటికీ నన్నే తిడతాడు, నేనే తోసేనని." చిన్నగా నవ్వబోయి, ఆగింది. "వాడి కాలి సంగతి మీకెలా తెలుసండి? బొంబాయిలో ఏమైనా అయ్యిందా?"

సుబ్బరాజు వెనక్కి తిరిగి గట్టు దిగాడు. రెండడుగులు నడిచి, ఆ తర్వాత పరిగెత్తాడు. బొంబాయికి ట్రంక్ కాల్ చెయ్యండి, ఏలీయా పేరు మీద ఎల్లుండి విమానం ఎక్కేవాణ్ణి ఆపాలి, ముత్యాల్ని బయటికి తీయండి అని కేకలు వేస్తున్నాడు. లోవమ్మకి చివరి మాట ఒక్కటే అందింది. వసారా మెట్టు మీదే కూలబడి మొగుడి పేరు పెట్టి ఏడ్చింది. అంతలోనే తలెత్తి సువర్ణ మొహం చూసి, ఏడుపు మింగేసుకుని వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

సువర్ణ ఆ చేతిని చూడలేదు. జ్ఞానప్రకాశాన్నే చూస్తోంది. ఆమెకి ఎక్కడ నుంచి మొదలుపెట్టి చెప్పాలో ఆయనకి తెలీలేదు. చెప్పక్కర్లేకపోయింది. స్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, కూడికలు తనే వేసుకుంది.

"అన్నయ్య గారూ," అంది. "శనివారం నేను ఎవర్ని పట్టుకుని ఏడ్చేనండి?"